పిల్లల గొంతుకు మార్కులు వేసే పెద్దలకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నాటక సమాజాల కార్యవర్గాలకు, నాటిక, ఏకపాత్రాభినయ పోటీల నిర్వాహకులకు, ఆ పోటీలలో న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలకు నమస్కారములు.

నేను విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. బడి విడిచిన తరవాత పిల్లలకు ఏకపాత్రాభినయమూ, నాటికలలో సంభాషణ చెప్పడమూ నేర్పుతున్నాను. ఆ పిల్లలను వెంటబెట్టుకొని మీరు నడిపే పోటీలకు ఎన్నోసార్లు వచ్చాను కనుక మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. హాలు అద్దె దగ్గర నుంచి మేకప్పు సామాను దాకా సొంత డబ్బు పెట్టుకొని, ఇంటి పనులు వదులుకొని, ఈ రెండు జిల్లాలలో నాటకాన్ని మీరు నిలబెట్టుకొస్తున్నారు. ఆ గౌరవంతోనే ఈ విన్నపం చేస్తున్నాను. మన పోటీలలో అరుపుకు మార్కులు వేయడం దయచేసి ఆపండి. పిల్లవాడిని వేదిక ఎక్కించే ముందు వాడి గొంతును సిద్ధం చేసే బాధ్యతను మన సమాజాలే తీసుకోవాలి.

ఈ మాట నేను ఇతరులను తప్పుపట్టడానికి రాయడం లేదు. తప్పు ముందుగా నా చేతుల మీదుగానే జరిగింది. ఏడేళ్ల కిందట, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చి మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక కుర్రవాడికి దుర్యోధనుడి ఏకపాత్ర నేర్పాను. వాడికి జ్ఞాపకశక్తి ఉంది, నిలబడే తీరులో ఠీవి ఉంది, సభను చూస్తే బెదురు లేదు. మొదటి పోటీలో ఒక న్యాయనిర్ణేత, సింహంలా గర్జించాడని మైకులో మెచ్చుకొని ప్రథమ బహుమతి ప్రకటించారు. అది మొదలు ఆ గర్జనే మా ఇద్దరికీ కొలత అయిపోయింది. ఆ చలికాలంలో ఐదు వారాలలో ఆరు వేదికలు ఎక్కాడు. మూడో వేదిక నాటికే గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగించాను, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించాను, ఇంకా గట్టిగా అనమని చెప్పాను. ఆరో వేదిక మీద సంభాషణ సగంలో ఉండగా వాడి పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరు చూసి, గునపం పట్టేవాడి అరచేతిలో కాయలు కాసినట్టు వీడి స్వరతంత్రుల మీద కాయలు కాశాయని చెప్పారు. కొన్ని వారాలు మాటలు తగ్గించి, స్పీచ్ థెరపీ తీసుకొన్న మీదట గొంతు తిరిగి వచ్చింది. వాడు మాత్రం మళ్లీ రిహార్సల్‌కు రాలేదు.

గొంతులో శబ్దం పుట్టించే ఈ స్వరతంత్రులు ఎంత చిన్నవో చెబితే పిల్లల తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. పెద్దవారిలో కూడా వాటి పొడవు రెండు సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో అవి సెకనుకు నూటికి పైగా, ఆడవారిలో రెండు వందల దాకా సార్లు ఒకదానినొకటి తాకి విడిపోతూ ఉంటాయి. కేక వేసినప్పుడు ఆ తాకిడి బలంగా, ఒత్తిడిగా జరుగుతుంది. ఇక 12 నుంచి 15 ఏళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక పెరిగి, తంత్రులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింది స దాకా ఉండేంత, కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది గాని ఆ మార్పు కొద్దిపాటిది. మన పోటీలలో దుర్యోధనుడు, అల్లూరి, కర్ణుడు వేసేది ఎక్కువగా ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివే మగపిల్లలే. అంటే, ఏ వయసులో గొంతు తన కొత్త పొడవుకు ఇంకా అలవాటుపడలేదో సరిగ్గా ఆ వయసులోనే దాని మీద అతి బరువైన పాత్రను మోపుతున్నాము. గొంతు పగులుతున్న పిల్లవాడిని నవ్వించేందుకు వాడుకొనే నాటికలు కూడా చూశాను. అది ఆ పిల్లవాడికి ఎంత బాధో వాడు మనకు చెప్పడు.

మన ఊళ్లో 1919లో స్థాపించిన సంగీత కళాశాల ఉన్నది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. తరవాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ స్థానంలో కూర్చున్నారు. ఘంటసాల, పి.సుశీల అక్కడ చదువుకొన్నవారే. సంగీతం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడిని తొలిరోజే తారస్థాయి, అంటే పై స్వరాలు, అందుకోమని ఏ గురువూ అడగరు. తొలి పాఠాలైన సరళీ వరుసలను మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, వాడి శ్రుతిలో, వాడి ఊపిరికి సరిపడా పాడిస్తారు. తెల్లవారుజామున మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాలలో, సాధన చేయిస్తారు. వాయులీనం నేర్చేవారికి కమాను పట్టడానికే నెలలు పడుతుంది. నాటకం దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక మనలో లేకుండా పోతున్నది. సంభాషణ కాగితం పిల్లవాడి చేతికిచ్చి, వారంలో కంఠస్థం చేయించి, చివరి వరుసకు వినపడేలా అరవమంటున్నాము. అదే గొంతు, అదే ఊపిరి, అదే వయసు. పాటకు ఇచ్చే శిక్షణ మాటకు ఎందుకు ఇవ్వకూడదు?

మాట పలికే శాస్త్రం మనకు లేనిది కాదు. ఉచ్చారణ నేర్పే ప్రాచీన గ్రంథం పాణినీయ శిక్ష అక్షరాన్ని ఎలా పలకాలో చెబుతూ, ఆడపులి తన కూనలను కోరలతో పట్టుకొని తీసుకువెళ్లే తీరును గుర్తు చేస్తుంది. కూన జారిపోకూడదు, కోర గుచ్చుకోకూడదు. రాగం తీస్తూ చదివేవాడిని, తొందరపడి చదివేవాడిని, తల ఊపుతూ చదివేవాడిని, రాసినదాన్ని చూసి చదివేవాడిని, అర్థం తెలియక చదివేవాడిని, గొంతు పెగలనివాడిని, ఈ ఆరుగురినీ అధమ పాఠకులన్నది అదే గ్రంథం. నాట్యశాస్త్రం దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు శిరస్సు నుంచి, కొద్ది దూరంలో ఉన్నవారితో కంఠం నుంచి, పక్కనున్నవారితో ఉరస్సు, అంటే రొమ్ము, నుంచి మాట రావాలని మూడు స్థానాలు చెప్పింది. ఈ ఒక్క సూత్రంతో ఒక తరగతి నడపవచ్చు. నేను నడుపుతున్నాను. ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టి, ఇంకొకరిని గది చివర నిలబెట్టి, మరొకరిని మైదానం అవతలికి పంపి, నేర్చుకొనే పిల్లచేత ఒకే వాక్యాన్ని ఆ ముగ్గురికీ వినబడేలా చెప్పిస్తాను. దూరం పెరిగినకొద్దీ గొంతు పిసికి పెంచకుండా, అచ్చును సాగదీసి, ఊపిరిని స్థిరంగా పంపి, స్థానం మార్చి పలకడం వారంలో పట్టుబడుతుంది.

ఊపిరి సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. పిల్లలు గట్టిగా ఊపిరి తీసుకోమంటే భుజాలు ఎత్తి, ఛాతీ పొంగించి, మెడ నరాలు బిగిస్తారు. ఆ బిగింపు మీద మాట అంటే గొంతు ఒరుసుకుపోతుంది. అందుకే వారిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద తెలుగు వాచకం పెట్టి, ఊపిరి తీసినప్పుడు పుస్తకం లేవాలని, వదిలినప్పుడు మెల్లగా దిగాలని చెబుతాను. తరవాత కూర్చొని, ఆపైన నిలబడి, చివరికి నడుస్తూ అదే పని చేయాలి. పాము బుసలాగా స్‌స్‌ అంటూ ఊపిరి వదలమంటే మొదటి వారంలో పది సెకన్లకే అయిపోయేవారు నెల తిరిగేసరికి ఇరవై దాటడం నా తరగతిలో మామూలు విషయం. ఆ తరవాతే శబ్దం. నోరు మూసి మకారం పలకడం, చిన్నపిల్లలు బండి ఆట ఆడుతూ పెదవులు బుర్రుమనిపించినట్టు చేయడం, సన్నని గొట్టం నోట పెట్టుకొని దానిలోంచి ఊకారం పలకడం చేయిస్తాను. నోటి దారి సగం మూసినప్పుడు వెనక్కి తన్నే గాలి ఒత్తిడి వల్ల స్వరతంత్రులు సున్నితంగా కలుస్తాయి. అరుపుకు ఇది సరిగ్గా వ్యతిరేకం. ఉచ్చారణకు మన గుణింతాన్ని మించిన సాధన లేదు. ఒత్తక్షరాలు, శకార షకార సకారాల తేడా, లకార ళకారాల తేడా నాలుక ఎక్కడ తాకుతున్నదో వేలితో చూపిస్తూ పలికించాలి. లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్య మాట మా పిల్లలకు ఆట, నాకు పాఠం.

తెలుగు వాక్యం గురించి ఒక మాట. ఇది నాకు పిల్లల తప్పులు వింటూ వింటూ తెలిసింది. మన భాషలో క్రియ వాక్యం చివర ఉంటుంది. అవునో కాదో, చేశాడో చేయలేదో, చేశాడట అన్నది ఎవరో చెప్పిన మాటో, అంతా ఆఖరి రెండు మూడు అక్షరాలలోనే తేలుతుంది. పిల్లలు వాక్యం మొదట్లో ఊపిరంతా ఖర్చుపెట్టి, చివరికి వచ్చేసరికి గాలి లేక మాట మింగేస్తారు. ‘నేను నీకు తలవంచి దాసోహమనను’ అన్న వాక్యంలో చివరి ‘ను’ వినబడకపోతే పాత్ర గతి ఏమిటి? సభలో కూర్చున్నవారికి పెద్ద శబ్దం చేరుతుంది, అర్థం మాత్రం చేరదు. దీనికి అరుపు మందు కాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కాగితం మీద గుర్తు పెట్టుకొని, వాక్యంలో మూడో వంతు గాలిని చివరి క్రియ కోసం దాచుకోవడం నేర్పాలి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక ఆ చివరి అచ్చును నిలబెట్టగలిగితే సన్నని గొంతు కూడా హాలు చివరి దాకా చేరుతుంది. పోయినేడు ఏడో తరగతి ఆడపిల్ల ఒకతె, మైకు పనిచేయని హాలులో, గొంతు ఏమాత్రం పెంచకుండా ఈ ఒక్క అలవాటుతోనే వెనక వరుసల దాకా వినిపించింది. ఆమెకు బహుమతి రాలేదు. వాచికంలో, అంటే మాటతో చేసే అభినయంలో, శక్తి చాలలేదని మార్కుల పత్రంలో రాశారు.

ఇక ఏకపాత్ర అనే ప్రక్రియ విషయం. మన పూర్వులు వేదిక మీద ఒంటరిగా అనే మాటలన్నిటినీ ఒకే గాట కట్టలేదు. తనలో తాను అనుకొనేది స్వగతం. పక్కనున్న ఒకరికి మాత్రమే వినబడాలని అనేది జనాంతికం. ఎదుట లేనివాడు ఉన్నట్టూ, వాడు ఏదో అన్నట్టూ జవాబిచ్చేది ఆకాశభాషితం. ఒక్క నటుడే ఆడే భాణం అన్న నాటక రకం ఈ ఆకాశభాషితం మీదే నడుస్తుంది. పిల్లవాడికి సంభాషణ నేర్పేముందు, ఇది ఎవరితో అంటున్నావు, అతడు ఎంత దూరంలో ఉన్నాడు, అతడు అన్న ఏ మాటకు జవాబుగా నువ్వు నోరు విప్పావు అని అడగాలి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా నేర్చిన ఏకపాత్ర ఎంత గట్టిగా చెప్పినా వార్తలు చదివినట్టే ఉంటుంది. 1892లో మన విజయనగరంలోనే మొదటిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ బొంకులదిబ్బ దగ్గర గిరీశం స్వగతంతో మొదలవుతుంది. సాయంత్రం వేళ, అప్పులూ చిక్కులూ లెక్క వేసుకొంటూ, తప్పించుకొనే దారి వెతుక్కొంటున్న మనిషి ఆలోచన అది. ఆ ఘట్టాన్ని చేతులు చాచి, సభ వైపు తిరిగి, ఉపన్యాసంలా కేకలు వేసిన పిల్లలకు మనం చప్పట్లు కొట్టాము. ఆలోచన మనసులో పుట్టి పెదవుల దాకా వచ్చే సమయం ఆ పిల్లలకు ఎవరూ ఇవ్వలేదు. మౌనం కూడా వాచికంలో భాగమే. అది నేర్పడానికే నాకు ఎక్కువ రోజులు పడుతుంది.

యాస సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. మన పిల్లలు ఇంట్లో ‘ఏటి’ అంటారు, ‘నాను ఎల్లిపోనాను’ అంటారు, మాట చివర తీగలాగా సాగదీసి ప్రశ్న అడుగుతారు. వారి ఊపిరి ఆ సాగతీతకు పుట్టుక నుంచి అలవాటుపడింది. పోటీకి వచ్చేసరికి యాస పోవాలి, భాష శుద్ధి కావాలి అని మొదటి మాటే అంటాము. పిల్లవాడు తన నాలుకకు అలవాటు లేని మాటను, తన ఊపిరికి అలవాటు లేని విరుపుతో, తన వయసుకు మించిన కోపంతో పలకాలి. ఆ మూడు బరువులూ ఒక్కసారి మీద పడితే గొంతు బిగుసుకోక ఏమవుతుంది? పౌరాణిక పాత్రల భాష నేర్పవద్దని నేను అనడం లేదు, నేనూ నేర్పుతాను. కాని మొదటి ఏడాది పిల్లవాడు తన ఇంటి మాటతో, తన తాత గురించో, కూలికి వలస వెళ్లిన తండ్రి గురించో, ఏరు దాటి బడికి వచ్చే తన నడక గురించో మాట్లాడనివ్వండి. అప్పుడు ఊపిరి దానంతట అదే సరైన చోట పడుతుంది. వాడుకమాటను వేదిక ఎక్కించిన గురజాడ వారి ఊళ్లోనే ఒక శ్రీకాకుళం పిల్ల తన యాసకు మార్కులు పోగొట్టుకొని ఏడుస్తూ బస్సెక్కడం నేను చూశాను. ఆ సాయంత్రం నాకు ఏమి చెప్పి ఓదార్చాలో తెలియలేదు.

మన చుట్టూ ఉన్న జానపద కళాకారులు ఈ విద్యలో మనకు గురువులు. మన ఉత్తరాంధ్ర జానపద నాటకమైన తూర్పు భాగవతంలో వేషధారి ఒక చరణం అనగానే వెనకనున్నవారు వంత అందుకొంటారు, ఆ సందున వేషధారి ఊపిరి పూరించుకొంటాడు. తప్పెటగుళ్ల వారు రేకు తప్పెటను గుండెకు కట్టుకొని గంతులు వేస్తూనే పాడతారు. అడుగు ఎక్కడ, ఊపిరి ఎక్కడ, మాట ఎక్కడ అన్న లెక్క వారి ఒంట్లో ఉంటుంది. వారిని ఉత్సవాల ఊరేగింపుకు పిలిచి శాలువా కప్పి పంపించే మనము, ఒక్కపూట మన పిల్లల ముందు కూర్చోబెట్టి, ఊపిరి ఎక్కడ తీసుకొంటారో చూపించమని అడగలేదు. వారికి తగిన పారితోషికం ఇచ్చి పిలవాలని నా మనవి.

మీ చేతిలో ఉన్న మార్పులు మరికొన్ని ఉన్నాయి, వాటికి పెద్ద ఖర్చు లేదు. పిల్లల విభాగం రాత్రి ఎనిమిది లోపల ముగియాలి. పదకొండు గంటలకు, తిండి లేక, దుమ్ములో కూర్చొని కూర్చొని, అప్పటికే పక్కవారితో హాలు గోలలో అరిచి మాట్లాడి అలసిన గొంతుతో వేదిక ఎక్కే పిల్లలను మీరూ చూశారు. ప్రతి బృందానికీ పది నిమిషాలు మైకు సరిచూసుకొనే అవకాశం ఇవ్వాలి. మైకు ఎంత అందుకొంటుందో తెలియకనే పిల్లలు అరుస్తారు, ఆ అరుపుకు స్పీకరు పగిలి మాట మరింత చెడుతుంది. పిల్లల ప్రదర్శనలలో పొగ వాడకండి. గొంతు బొంగురుపోయిన పిల్లవాడిని ఆ రోజుకు పోటీ నుంచి తప్పించి, ఇంకొక రోజు అవకాశం ఇచ్చే నియమం పెట్టండి. బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి తీరాలని దరఖాస్తు పత్రం మీదే తల్లిదండ్రుల కోసం అచ్చువేయండి. మార్కుల పత్రంలో ‘వాచికం’ అని ఉన్న ఒకే గడి స్థానంలో ఉచ్చారణకు, ఊపిరి పొదుపుకు, వాక్యాంతం నిలబెట్టడానికి, ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియడానికి వేరువేరు గడులు పెట్టండి. న్యాయనిర్ణేతకు తాను దేనికి మార్కు వేస్తున్నాడో ఆ గడులే గుర్తు చేస్తాయి. అక్కడ ఒక్క ఏడాది కొలత మారితే, మరుసటి ఏడాదికి మా శిక్షణ దానంతట అదే మారుతుంది. మేము మీ బహుమతులను చూసే పిల్లలకు నేర్పుతాము.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి. ఆ రోజును మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అదే రోజును ప్రపంచమంతటా స్వర దినోత్సవంగా, గొంతు ఆరోగ్యం గురించి తెలియజెప్పే రోజుగా పాటిస్తున్నారు. ఆ రోజు మన రెండు జిల్లా కేంద్రాలలోనూ సన్మానసభతో పాటు, ఉదయం పూట రెండు గంటలు పిల్లల గొంతుల కోసం కేటాయించండి. ఒక ఈఎన్‌టీ డాక్టరును, ఒక సంగీత గురువును, ఒక భాగవత కళాకారుడిని పిలిస్తే చాలు. ఆనందగజపతి ఆడిటోరియంలో గాని, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో గాని చాపలు పరిచి పిల్లలను పడుకోబెట్టడానికి చోటు ఉన్నది.

రాబోయే పోటీల నియమావళి రాయడానికి మీరు సమావేశమయ్యే రోజు నాకు తెలియజేస్తే, మార్కుల పత్రం నమూనానూ, పోటీకి ముందు నాలుగు వారాలలో ఏ రోజు ఏమి సాధన చేయించాలో తెలిపే క్రమాన్నీ రాసి తీసుకువస్తాను. అభ్యంతరాలు ఉంటే అక్కడే వింటాను, నాది పొరపాటైతే దిద్దుకొంటాను. ఆదివారాలు, రెండో శనివారాలు నాకు బడి ఉండదు. శ్రీకాకుళంలో పెట్టినా ఉదయం బండికి బయలుదేరి వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
విజయనగరం.